ఎడమకంటి నల్లచుక్క

చచ్చిపోయిన మనిషికి కళ్ళు తెరిపించడం మీరా మొహిద్దీనుకు అరగంట పని. పటం కట్టించమని ఇళ్ళవాళ్ళు తెచ్చే ఫోటోల్లో సగం పెళ్ళిళ్ళలో తీసినవే. వాటిలో ఆ మనిషి బంతిలో కూర్చుని విస్తరి వైపు చూస్తుంటాడు, లేకపోతే సరిగ్గా ఫ్లాషు కొట్టినప్పుడే రెప్ప వాల్చేసి ఉంటాడు. అప్పుడు ఆధారు కార్డు మీదవో, ఓటు కార్డు మీదవో కళ్ళు తెచ్చి ఈ మొహంలో అతకాలి. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన కంప్యూటరు ముందు అదే పనిలో ఉన్నాడు. కుడికన్ను కుదిరింది. ఎడమది ఒక నూలుపోగంత కిందికి దిగింది. పైకి జరిపితే ఎక్కువైంది, కిందికి జరిపితే తక్కువైంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని ఇవాళ మొండికేసింది. ఎందుకంటే ఆయన ధ్యాసంతా వాకిలి మీదుంది. పదింటికి వెనక వీధి సామ్రాజ్యం బిడ్డనెత్తుకుని వస్తుంది.

మైపాడు బస్టాపుకు ఎదురుగా, ఐసు అమ్మే కొట్టుకీ వలల దారం అమ్మే కొట్టుకీ మధ్య ఉంటుంది సాహిరా ఫోటో స్టూడియో. సాహిరా ఆయన కూతురు. పెళ్ళయి కావలికి పోయి పద్నాలుగేళ్ళయింది, బోర్డు మీద మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. లోపల ఒక నీలం గుడ్డ, రెండు గొడుగు లైట్లు, తిరిగే స్టూలు. గోడకు అద్దం, ఎవరూ ఎత్తుకుపోకుండా అద్దానికి దారంతో కట్టిన దువ్వెన, మేకుకు ఒక నల్లకోటు. ఆ కోటు తొడుక్కోని మగమనిషి ఆ చుట్టుపక్కల అరుదు. ఒకప్పుడు వెనక జలపాతం బొమ్మ తెర ఉండేది. కూతవేటు దూరంలో సముద్రాన్ని పెట్టుకుని ఊరంతా ఆ జలపాతం ముందర నిలబడి ఫోటోలు దిగేది, అదేం సరదానో. ఇప్పుడు అందరి చేతుల్లో సెల్లులొచ్చాయి, జలపాతం చుట్ట చుట్టుకుని అటకెక్కింది. పాస్‌పోర్టు సైజులు, జిరాక్సులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, పోయినవాళ్ళ పటాలు, ఇవి మిగిలాయి.

మీరా మొహిద్దీను మనిషి సన్నం. వంగి వంగి పనిచేసి మెడ ముందుకు సాగింది, నిటారుగా నిలబడ్డా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. కళ్ళజోడుకు ఒక పక్క పుల్ల విరిగితే తెల్లదారం చుట్టాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక సన్నని బ్రష్షు ఉంటుంది. మూడు వెంట్రుకల బ్రష్షు. నెల్లూరు ట్రంకు రోడ్డులో తాజుద్దీన్ మాస్టరు దగ్గర పని నేర్చుకున్నప్పుడు ఆయన ఇచ్చింది. అచ్చయిన ఫోటో మీద దుమ్ము మచ్చలు పడితే ఆ బ్రష్షును సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి, చుక్క పెట్టాలి. కంప్యూటరు వచ్చినా ఆ అలవాటు పోలేదు. మనిషి ఎట్టుండాడో చూపిస్తే అద్దం, ఎట్టుండాలనుకుంటాడో చూపిస్తే ఫోటో అనేవాడు మాస్టరు. శిష్యుడు ఆ మాట జవదాటలేదు. మొటిమలు తీశాడు, పుట్టుమచ్చలు తీశాడు, మెల్లకన్ను సర్దాడు, బట్టతల మీద జుట్టు మొలిపించాడు. ఇన్నేళ్ళలో ఒక్కరి మొహాన్నయినా ఉన్నదున్నట్టు ఇచ్చిన పాపాన పోలేదు.

ఫ్లాషు కొడితే పిలకాయల కళ్ళల్లో ఎర్రగా మెరుస్తుంది. తల్లులకు ఆ ఎరుపు గిట్టదు. బుగ్గన దిష్టిచుక్క ఉంచమంటారు, కంట్లో మెరుపు తీసెయ్యమంటారు. తీసేస్తాడు. ఎరుపైనా, తెలుపైనా, పసుపైనా అన్నింటికీ ఆయన దగ్గర ఒకటే మందు, నల్లచుక్క.

పదకొండేళ్ళ కిందట సామ్రాజ్యం తన తొలిచూలు బిడ్డను మొదటి పుట్టినరోజుకు ఇక్కడికే తీసుకొచ్చింది. పేరు కెజియా. గులాబిరంగు గౌను, రెండు పిలకలు, ఒక్క క్షణం కుదురు లేదు. కిచకిచమనే రబ్బరు బాతు నొక్కి, తననే చూసేటట్టు చేసి నాలుగు ఫోటోలు తీశాడు. నెల్లూరు ల్యాబులో కడిగించుకొస్తే నాలుగింటిలోనూ కుడికంట్లో ఎరుపు, ఎడమకంట్లో తెలుపు. పిల్లి కన్ను మెరిసినట్టుంది. ఫ్లాషు దెబ్బ అనుకున్నాడు. అన్నింటిలోకీ బాగా నవ్విన ఫోటోను పెద్దది చేయించి, బ్రష్షు తీసి, రెండు చుక్కలు పెట్టాడు. ఫ్రేము చూసి సామ్రాజ్యం మొగుడు బెన్హరు, నీ చేతిలో ఏందో ఉండాది భాయ్ అన్నాడు. ఆ మాటకు మీరా మొహిద్దీను ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు.

రెండేళ్ళు దాటాక ఆ బిడ్డ కన్ను ఎర్రబడింది. కళ్ళకలక అన్నారు, చనుబాలు పిండారు. ప్రార్థన చేయించారు. వాచింది. ఆకు పసరు పోశారు. కన్ను గుంటలో పట్టక బయటికి వచ్చినప్పుడు పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్నారక్కడ. కంటి వెనక గడ్డ, కేన్సరు, తలలోకి పాకింది అన్నారు. ఇంటికొచ్చిన మూడో నెలలో పోయింది. అమ్మమ్మ ఇంట్లో పెట్టుకోను ఇంకో కాపీ కావాలని సామ్రాజ్యం వచ్చినప్పుడు, ఆయన పాత కవరు బయటికి తీశాడు. మిగిలిన మూడు ఫోటోల్లో తెల్లమచ్చలు చూశాడు. ఫ్లాషు, ఫ్లాషు అని తనకు తనే చెప్పుకుని, కొత్త కాపీ మీద కూడా చుక్క పెట్టి ఇచ్చాడు.

ఇంకో రెండేళ్ళకు నర్సమ్మ అబిగయీలు వచ్చింది. ఊళ్ళో టీకాలు వేసేది ఆమే. నీ కొట్టు దగ్గర జనం ఆగుతారు గదన్నా అని ఒక కాగితం గోడకు అంటించి పోయింది. దాని మీద ఒక పసిబిడ్డ ఫోటో. ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను తెలుపు. ఫోటోలో బిడ్డ కన్ను తెల్లగా మెరిస్తే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి, తొందరగా పట్టుకుంటే నయమవుతుంది అని రాసుంది. తోబుట్టువులకూ చూపించమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివి మీరా మొహిద్దీను లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య కరీమున్నీసా, ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగుంది అన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పోయిన బిడ్డ లేచొస్తుందా అనుకున్నాడు. ఆ మూడు ఫోటోలు ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి బల్ల కింద తోశాడు. ఆ రోజు నుంచి ఏ పిలకాయ వచ్చినా ముందు కళ్ళు చూడడం అలవాటైంది. ఆరేళ్ళలో రెండు సార్లు తెలుపు కనిపిస్తే చెప్పాడు. ఒకరికి శుక్లమని తేలింది, ఆపరేషను చేశారు. ఇంకొకరికి ఏమీ లేదు, ఉత్తదే. ఆ బిడ్డ తండ్రి వాకిట్లో నిలబడి, బొమ్మలు తీసుకునేవాడికి డాక్టరు పని ఎందుకని నానా మాటలూ అని పోయాడు. పడ్డాడు. పడితే పడ్డాం అనుకున్నాడు.

నిన్న సామ్రాజ్యం రెండో బిడ్డను తీసుకొచ్చింది. కెజియా పోయాక ఏడేళ్ళకు పుట్టిన కొడుకు, హెబ్రోను. ఆదివారానికి ఏడాది నిండుతుంది, వీధి మొగలో ఫ్లెక్సీ కట్టాలి. అదే రబ్బరు బాతు. మొదటి ఫ్లాషుకే తెర మీద కనిపించింది. ఎడమకన్ను. ఆయన పక్కకు జరిగి తీశాడు, ఎత్తు నుంచి తీశాడు, దీపం మార్చి తీశాడు. నాలుగింటిలోనూ ఉంది. సామ్రాజ్యం వెనక నిలబడి తెర వైపు చూసి వెంటనే మొహం తిప్పుకుంది.

"కంట్లో ఆ తెలుపు తీసెయ్యి భాయ్. నలుగురూ చూసే ఫ్లెక్సీ," అంది.

రేపు పదింటికి రా అమ్మణ్ణి అన్నాడు. అంత పెద్ద మనిషికి అంతకుమించి ధైర్యం లేకపోయింది. రాత్రంతా దొర్లి, తెల్లవారి అబిగయీలుకు మాత్రం ఫోను చేశాడు.

పది దాటాక సామ్రాజ్యం వచ్చింది. చంకలో హెబ్రోను. పిల్లవాడి చేతిలో సగం కొరికిన రొట్టె.

"అయ్యిందా భాయ్? పన్నెండు బస్సుకి నెల్లూరికి పంపిస్తానంటివే."

"కూర్చో అమ్మణ్ణి."

"కూర్చోను. పొయ్యి మీద పులుసు పెట్టొచ్చినా. కంట్లోది తీసినావా?"

"తియ్యలేదు."

"ఏం?"

"అది ఫ్లాషుది కాదు. నాలుగు పక్కల నించి తీసినా, నాలుగిట్లోనూ ఉండాది. కుడికన్ను ఎర్రంగా పడింది, అట్నే పడాల. ఎడమది తెల్లంగా పడింది. నెల్లూరు కంటాసుపత్రిలో చూపించాల. ఈ పొద్దే."

ఆమె పిల్లవాడిని చంక మార్చుకుంది. "దేనికి?"

"కెజియాకి వచ్చిందే. అది కావచ్చు."

సామ్రాజ్యం అరవలేదు. పిల్లవాడి గడ్డానికి అంటిన రొట్టె తుంపు కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "అదైతే కాదులే భాయ్. దానికి రెండేళ్ళు దాటినాక గదా వచ్చింది. మొదటి పుట్టినరోజుకి కళ్ళు రెండూ ఎంత బాగుండె. నువ్వే గదా తీసింది. పటం ఇంట్లో ఉండాది, దినామూ చూస్తా ఉండా నేను. దాని కంట్లో ఇట్టాంటి తెలుపు లేదు. దానికే లేనిది వీడికి ఉంటే, ఇది వేరే ఏందో అయ్యుంటాది."

ఆమె రాత్రంతా ఆ పటం ముందర కూర్చుని ఆ లెక్క తేల్చుకుని వచ్చిందని ఆయనకు అర్థమైంది. బిడ్డను కాపాడుతుందని ఆమె పట్టుకున్న ఒకే ఒక్క ఆధారం తాను పెట్టిన చుక్క.

"ఆ పటం సంగతి చెప్తా విను అమ్మణ్ణి..."

"ఉండు, తెస్తా. నువ్వే చూద్దువు," అని హెబ్రోనును స్టూలు మీద కూర్చోబెట్టింది. "వీణ్ణి పట్టుకోనుండు." ఇల్లు వెనక వీధిలోనే.

వాళ్ళిద్దరే మిగిలారు. పిల్లవాడు బాతు కోసం చెయ్యి చాచాడు. మీరా మొహిద్దీను ఒక చేత్తో నడుం పట్టుకుని రెండో చేత్తో వాడి ఎడమకన్ను మూశాడు. వాడికి లెక్కే లేదు, బాతు ముక్కు కొరుకుతూ ఉన్నాడు. కుడికన్ను మూశాడు. వాడు ఉలిక్కిపడి ఆ చేతిని తోసేశాడు, ఏడుపు ముఖం పెట్టాడు. ఇంకోసారి మూసి చూశాడు. మళ్ళీ అంతే, ఎడమకంటికి బాతు ఆనడం లేదు. బాతు కిచకిచమనిపించి ఊరుకోబెట్టాడు. ఆయనకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. బల్ల కిందికి వంగి బిస్కెట్ల డబ్బా బయటికి లాగాడు.

సామ్రాజ్యం పటం తెచ్చి బల్ల మీద పెట్టింది. దండ తీసి తెచ్చింది. "ఇదో, చూడు. యాడుండాది తెలుపు?"

ఆయన పటం వైపు చూడలేదు. డబ్బాలోంచి మూడు ఫోటోలు తీసి పటం పక్కన వరసగా పరిచాడు.

"నేనే పెట్టినా అమ్మణ్ణి," అన్నాడు. "ఆ కంట్లో నలుపు నేను సిరాతో పెట్టిందే."

ఆమె మొదటి ఫోటో చేతిలోకి తీసుకుంది. రెండోది తీసుకుంది. మూడోది కిందనే ఉంచి వంగి చూసింది. బయట బస్టాపులో ఎవరో చేపల బుట్ట దించుతూ కేకలేస్తున్నారు.

"ఇవి ఎప్పటివి?"

"ఆ పుట్టినరోజువే. గౌను చూడు."

"అప్పటికే ఉండిందా?"

"ఉండింది."

"నీకు తెలుసా?"

"అప్పుడు తెల్లేదు. ఫ్లాషు అనుకున్నా. అబిగయీలమ్మ బయట ఆ కాయితం అంటించినప్పుడు తెలిసింది."

"అది అంటించి ఎన్నేళ్ళాయ?"

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళు," అంది సామ్రాజ్యం. ఆ ఆరేళ్ళలో ఆమె ఈ కొట్టుకు ఎన్నిసార్లు వచ్చిందో ఇద్దరికీ తెలుసు. రేషను కార్డుకు, ఆధారుకు, కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రి కార్డు జిరాక్సుకు. చెల్లెలు ఎలిశబెతు పెళ్ళి ఫోటోలకు. వచ్చిన ప్రతిసారీ ఆయన ఆమెకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, ఈ మాట తప్ప అన్నీ మాట్లాడాడు.

"అప్పుడే తీసుకోని పోయుంటే బతికేదా?"

అల్లాకే ఎరుక అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకో చుక్క పెట్టడమే అవుతుంది కదా అనిపించింది. "బతికేదంట. కన్ను తీసేసేవాళ్ళేమో. బిడ్డ బతికేదంట," అన్నాడు.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆయన వాటికి సిద్ధంగా నిలబడ్డాడు, వస్తే మేలనుకున్నాడు. ఆమె ఆ మూడు ఫోటోలూ జాగ్రత్తగా కవర్లో పెట్టి రవికెలో దోపుకుంది. పిల్లవాడిని ఎత్తుకుని ట్యూబులైటు కిందికి తీసుకుపోయి వాడి గడ్డం పైకెత్తి కంట్లోకి చాలాసేపు చూసింది. నిన్న చూడకుండా తిప్పుకున్న మొహం ఇవాళ తిప్పుకోలేదు.

"బస్సెప్పుడుండాది?" అంది. భాయ్ అనలేదు.

"పదకొండుంబావుకి. అబిగయీలమ్మ కూడా వస్తుంది, అక్కడ డాక్టరుకి ఫోను చేసి పెట్టింది. బెన్హరు యాడుండాడు?"

"రొయ్యల గుంట కాడ."

"నేను ఫోను చేస్తాలే. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉండాదా? నీ జిరాక్సు నా కాడ ఉండాది, అదన్నా తీసుకోనిపో."

బస్సొచ్చింది. అబిగయీలు గొడుగు ముడుస్తూ పరుగున వచ్చి ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టింది. బల్ల మీద పటం ఉండిపోయిందని అప్పుడు చూసుకుని మీరా మొహిద్దీను దాన్ని రెండు చేతులా పట్టుకుని రోడ్డు దాటాడు. సామ్రాజ్యం అప్పటికి మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"అమ్మణ్ణి, పటం."

ఆమె పటం వైపు చూసింది. పదకొండేళ్ళు రోజూ చూసిన మొహం. ఒకసారి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుని హెబ్రోను వీపు మీద వేసుకుంది.

"అది నా బిడ్డ కాదు. నువ్వు గీసింది. నీకాడే ఉండనీ," అని ఎక్కింది.

బస్సు ఇందుకూరుపేట వైపు పోయింది. ఆయన పటం పట్టుకుని అక్కడే నిలబడితే ఐసు కొట్టాయన, ఏందన్నా ఎండలో అన్నాడు. ఏం లేదన్నాడు.

కొట్టులోకి వచ్చి పటం బల్ల మీద బోర్లా పెట్టాడు. బెన్హరుకు ఫోను చేశాడు. కరీమున్నీసాకు ఫోను చేసి వెనక వీధిలో సామ్రాజ్యం ఇంట్లో పొయ్యి ఆర్పి రమ్మన్నాడు. పులుసు అడుగంటింది, గిన్నె కడిగి బోర్లించి వచ్చాను అని మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు ఆమె చెప్పింది. బల్ల మీద పటాన్ని ఒక పక్కకు జరిపి అన్నం వడ్డించింది. చేపల కూర. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ పూట పని మామూలుగానే సాగింది. పింఛనుకు ఫోటో కావాలని వెంకటశేషమ్మ అనే ముసలామె వచ్చింది. నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి తీశాడు. మొహం మీద ముడతలు కొంచెం తగ్గించు నాయనా, నా కూతురు నవ్వుతాది అంది. అలవాటు చొప్పున చెయ్యి అటే పోయింది. ఆగింది. కాసేపు ఆగి, మళ్ళీ పోయింది. ముడతలు తగ్గించి ఎనిమిది కాపీలు కత్తిరించి ఇచ్చాడు. ముడతలకేం, ముడతలతో ఎవరూ చావరు. పొద్దుటి చచ్చిపోయినాయన ఎడమకన్ను కూడా రెండు నిమిషాల్లో కుదిరింది. హెబ్రోను ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. ఆ ఫైలును ఆయన ముట్టుకోలేదు.

నాలుగున్నరకు అబిగయీలు ఫోను చేసింది.

"చుక్కల మందేసి చూసినారన్నా. అదేనంట. మద్రాసుకి రాసినారు, ఈ సాయంత్రం బండికే పోతా ఉండారు. బెన్హరన్న కూడా వచ్చేసినాడు."

"ఎంతవరకు వచ్చిందంట?"

"ఇంకా కంట్లోనే ఉండాదంట, బయటికి పాకలేదంట. కన్ను నిలుస్తాదో లేదో చెప్పలేం గానీ బిడ్డకి ప్రాణభయం లేదనే అన్నాడు డాక్టరు. ఇంత తొందరగా ఎవరు పంపించినారు మిమ్మల్ని అని అడిగినాడన్నా."

"ఏం చెప్పినావు?"

"ఫోటోలు తీసే ఆయన అని చెప్పినా."

"సామ్రాజ్యం ఏమనింది?"

"ఏమీ అనలేదన్నా," అంది అబిగయీలు.

ఫోను పెట్టేశాడు. మేలు జరిగిందని తెలుసు. సంతోషం ఎక్కడైనా తగులుతుందేమోనని తడుముకున్నాడు, తగల్లేదు. దుఃఖం కూడా తగల్లేదు. కంప్యూటరు ఆర్పాడు, గొడుగు లైట్ల తీగలు ఊడదీశాడు, నల్లకోటు దులిపి మేకుకు తగిలించాడు. స్టూలు కింద పడున్న బాతును తీసి కిటికీలో పెట్టాడు. జేబులోంచి మూడు వెంట్రుకల బ్రష్షు తీసి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. షట్టరు సగం దించాక గుర్తొచ్చి, వంగి లోపలికి పోయి, పటం తిప్పి అద్దం మీద ఉప్పుగాలి జిడ్డును పైపంచెతో తుడిచాడు.

పదకొండేళ్ళు వాకిటి వెలుతురుకు ఎదురుగా వేలాడి ఫోటో వెలిసిపోయింది. గులాబి గౌను గులాబిగా లేదు. బుగ్గలు పసుపెక్కాయి, పిలకలు గోధుమరంగుకు తిరిగాయి, పెదాలకు రంగే లేదు. రెండు కళ్ళల్లో చుక్కలు మాత్రం, పెట్టిన రోజున ఎంత నల్లగా ఉన్నాయో అంత నల్లగానే ఉన్నాయి.